ఓకే అంటే ‘సరే’యేనా? అపోహలు - వాస్తవాలు

నాది అనువాదం పని. ఒకపూట సబ్‌టైటిళ్లు, ఇంకోపూట ఫోన్ యాప్‌లలో కనిపించే మాటలు. ఇంగ్లీషులో నీకు బాగా కష్టమైన మాట ఏదని అడిగేవాళ్లు, నోరు తిరగని ఏ శాస్త్రపదమో చెబుతానని ఎదురుచూస్తారు. నాకు చుక్కలు చూపించేది ఓకే. అది తెలుగులో కలిసిపోయి చాలాకాలమైంది కాబట్టి, దాని గురించి అంతా తెలుసనుకుంటాం. తంటా అక్కడే.

అపోహ: అమెరికా అంతర్యుద్ధంలో ‘ఈరోజు ఎవరూ చనిపోలేదు’ అని చెప్పడానికి రాసిన గుర్తే ఓకే.

‘జీరో కిల్డ్’ అట. సున్నా పక్కన కే. ఈ కథ ఏడాదికోసారైనా ఎవరో ఒకరు నాకు ఫార్వర్డ్ చేస్తారు. వినడానికి బాగుంటుంది గానీ తేదీలకే పొసగదు. అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైతే, ఓకే 1839 మార్చి 23నే బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది.

అసలు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలవాళ్లకు ఒక సరదా పట్టుకుంది. మాటను కావాలనే తప్పుగా రాసి, ఆ తప్పుడు మాటల మొదటి అక్షరాలు మాత్రం వాడేవారు. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి ఓ.కే. అన్నారు. ‘ఆల్ రైట్’కు కూడా అదే గతి పట్టించి, లేని డబ్ల్యూ ఒకటి తగిలించి ఓ.డబ్ల్యూ. అన్నారు. రెండోది అక్కడే పోయింది. మొదటిదాన్ని బతికించింది 1840 అధ్యక్ష ఎన్నికలు. పోటీలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన్ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ అభిమానులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మాత్రం నిలిచింది. ఈ గుట్టంతా పాత పత్రికలు తిరగేసి 1960లలో బయటపెట్టినవాడు అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పరిశోధకుడు. గ్రీకు నుంచి వచ్చిందని, అమెరికా మూలవాసులైన చోక్టాల భాష నుంచి వచ్చిందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చోక్టా వాదాన్ని అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ కూడా నమ్మాడు.

అపోహ: ఇంగ్లీషులో రెండక్షరాలతో (OK) రాస్తే తప్పు, నాలుగక్షరాలతో (okay) రాస్తేనే ఒప్పు.

రెండూ ఒప్పే. పుట్టుక చూస్తే రెండక్షరాలదే పెద్దరికం. ఒకే పేజీలో రెండు రకాలుగా రాయకుండా ఉంటే చాలు.

అపోహ: ఓకే అన్నారంటే నచ్చినట్టే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు పడే మొదటి గుంట ఇది. ‘మీ డ్రాఫ్ట్ ఓకే’ అని రెండు ముక్కల మెయిల్ వస్తే పండగ చేసుకుంటారు. ‘సినిమా ఎలా ఉంది’ అంటే ‘ఓకే’ అన్నవాడు టికెట్టు డబ్బులు తలుచుకుంటున్నాడని అర్థం. మన ‘పర్వాలేదు’ అచ్చంగా ఇదే. కాకపోతే మన మాటకు ఇంకో సుగుణం ఉంది. చివర కాస్త సాగదీసి ‘పర్వాలేదే!’ అంటే మెచ్చుకోలు అయిపోతుంది. గొంతులో పలికే ఆ ‘ఏ’ని సబ్‌టైటిల్‌లో ఒక్క అక్షరంతో తెచ్చేయొచ్చు. తెలుగులో పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా అనిపించే సందర్భాల్లో ఇదొకటి.

అపోహ: తెలుగులో ‘సరే’ అని పెట్టేస్తే సరిపోతుంది.

ఒక కుర్రాడు నా దగ్గర పని నేర్చుకుంటూ సినిమా మొత్తం అలాగే చేసుకొచ్చాడు. సైకిల్ మీంచి పడ్డ పిల్ల దగ్గరికి తండ్రి పరుగెత్తుకొచ్చి ‘ఆర్ యూ ఓకే’ అంటాడు. కింద తెలుగులో ‘నువ్వు సరేనా?’ అని ఉంది! ఏ తండ్రీ అలా అడగడు. ‘దెబ్బేం తగల్లేదు కదమ్మా’ అంటాడు. అదే పెద్దావిడ మెట్ల మీద జారితే ‘ఏం కాలేదు కదండీ’ అంటాం. స్నేహితుడైతే ‘ఏరా, బానే ఉన్నావా’. ఎవరు ఎవరితో అంటున్నారో ఇంగ్లీషు ఓకే చెప్పదు, తెలుగు చెప్పకుండా ఊరుకోదు.

ఇక ‘ఓకే, నెక్స్ట్’ అన్నప్పుడు ఒప్పుకోలు ఎక్కడుంది? ఆ మాట ముగిసింది, ఇంకోటి మొదలవుతోందని చెప్పడమే దాని పని. ‘సరే, ఇక’ అనొచ్చు, చాలాసార్లు ఉత్త ‘ఇక’ చాలు. కోపంగా ‘ఓకే ఓకే’ అంటే ‘సర్లే సర్లే’. నేను కూర్చోవచ్చా అని అడగడానికి వాడే ‘ఇజ్ ఇట్ ఓకే’కి ‘మీకేం ఇబ్బంది లేదుగా’. పని చెప్పినప్పుడు ‘అలాగే’. ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో అనే ఓకేకి మనకు ‘ఊఁ’ ఎప్పటినుంచో ఉంది.

అపోహ: ఓకే అంటే ఒప్పుకున్నట్టే.

‘విన్నాను’ అనడానికీ ఓకే అంటారు, ‘అలాగే చెయ్యి’ అనడానికీ ఓకే అంటారు. మామూలు కబుర్లలో దీనివల్ల ప్రమాదమేమీ లేదు. కానీ విమానాల దగ్గర అలా కాదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, పొగమంచు కమ్మిన విమానాశ్రయంలో, కేఎల్ఎం విమానం పైలట్లు టేకాఫ్ దగ్గర ఉన్నామని టవర్‌కు చెప్పారు. కంట్రోలర్ ‘ఓకే’ అని, క్షణం ఆగి, ‘ఆగండి, నేను పిలుస్తాను’ అన్నాడు. సరిగ్గా అప్పుడే, అదే రన్‌వే మీదున్న పాన్ యామ్ విమానం కూడా రేడియోలో మాట్లాడింది. రెండూ కలిసిపోవడంతో, కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఓకే తర్వాత వినిపించింది గీమన్న చప్పుడు. అప్పటికే రన్‌వే మీద పరుగందుకున్న ఆ విమానం పాన్ యామ్‌ను ఢీకొట్టింది. 583 మంది చనిపోయారు. కారణాలు ఇంకా ఉన్నాయి, తప్పంతా ఒక్క మాటదే అనడం న్యాయం కాదు. కానీ విమానయానంలో ‘విన్నాను’కు రోజర్, ‘విన్నాను, చేస్తాను’కు విల్కో, ‘అవును’కు అఫర్మ్ అని వేర్వేరు మాటలు ఎందుకున్నాయో ఆ ఒక్క ఓకే చూస్తే అర్థమవుతుంది.

అపోహ: బటన్ మీద ఓకే ఉంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఆపిల్‌వాళ్లు లీసా కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు బటన్ మీద మొదట ‘డూ ఇట్’ (Do It) అని రాశారు. పరీక్షించడానికి వచ్చినవాళ్లలో కొందరు దాన్ని కలిపి ‘డోల్ట్’ (Dolt) అని చదివారు. అంటే మొద్దు అని తిట్టు. అలా అక్కడికి ఓకే వచ్చింది.

నాకూ ఒక బటన్ పాఠం చెప్పింది. టికెట్ల యాప్ ఒకటి. ‘మీ టికెట్ రద్దు చేయాలా?’ అని ప్రశ్న, కింద ఓకే, క్యాన్సిల్ బటన్లు. నేను నిమ్మళంగా ‘సరే’, ‘రద్దు’ అని రాసిచ్చాను. టికెట్ రద్దు చేసుకోవాలనుకున్నవాళ్లు సహజంగానే ‘రద్దు’ నొక్కారు. తెర మూసుకుపోయింది, టికెట్ అలాగే ఉంది. అవతల ఫోన్లు మోగడం మొదలయ్యాక తిట్లు నాదాకా వచ్చాయి. ఆ రాత్రే మార్చాను: ఒక బటన్ ‘టికెట్ రద్దు చేయండి’, రెండోది ‘వద్దు, ఉండనివ్వండి’. బటన్లో పట్టడం లేదని డిజైనర్ సణిగాడు. అక్షరాలు చిన్నవి చేయమన్నాను.