అపోహలు – వాస్తవాలు: కేటగిరీ ఆపేస్తే ఫేటల్ ఆగదు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైస్ మిల్లుల్లో వేబ్రిడ్జి (లారీ కాటా) సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. అంతా క్యూటీ అనే సీ++ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిందే. ధాన్యం సీజన్ వచ్చిందంటే సగం తెలుగు, సగం ఒడియాలో ఒకటే ఫోన్లు. మిల్లు వాళ్ల ఫోన్లకైనా ఓపిక ఉంటుంది గానీ, కోడ్ రాసే తమ్ముళ్ల నుంచి వచ్చే ఈ ఒక్క మాట వినీ వినీ విసుగొచ్చేసింది: “అన్నా, ఆ కేటగిరీ ఆఫ్ చేసేశా, అయినా ఫేటల్ వచ్చి యాప్ పడిపోతోంది.”

పడిపోదా మరి? ప్రోగ్రామ్ నడుస్తూ రాసుకునే సందేశాలే లాగ్; ఆ సందేశాలను విభాగాల వారీగా పెట్టే పేరు కేటగిరీ; ఇక ముందుకెళ్లలేనని చెప్పి ప్రోగ్రామ్‌నే ఆపేసే సందేశం ఫేటల్.

అపోహ: డీబగ్, ఇన్ఫో, వార్నింగ్, క్రిటికల్, ఫేటల్ అన్నీ లాగ్ లెవెల్సే, కేటగిరీ ఫిల్టర్‌తో దేన్నైనా ఆపెయ్యొచ్చు.

వాస్తవం: మొదటి నాలుగే ఆపగలరు. క్యూటీలో కేటగిరీ లాగింగ్ 5.2 నుంచి ఉంది, ఫేటల్‌ని కేటగిరీతో కలిపి రాసే మాక్రో మాత్రం 6.5లోనే వచ్చింది. అది రాగానే మనవాళ్లు ఫేటల్‌కి కూడా స్విచ్ వచ్చేసిందనుకున్నారు. రాలేదు. కేటగిరీ పేరు వల్ల ఆ సందేశం ఏ విభాగం నుంచి వచ్చిందో తెలుస్తుంది, అంతవరకే. కేటగిరీలో ఒక్కో రకం సందేశాన్ని ఆన్, ఆఫ్ చేసే సెట్ఎనేబుల్డ్ అనే ఫంక్షన్‌తో ఫేటల్‌ని మార్చడం కుదరదని, అది ఎప్పుడూ ట్రూ గానే ఉంటుందని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఇంకో తమాషా ఏంటంటే, ఏ కేటగిరీ ఆన్, ఏది ఆఫ్ అని రాసే రూల్స్ ఫైల్లో “స్టార్ డాట్ ఫేటల్ ఈక్వల్స్ ఫాల్స్” అని రాస్తే ఎర్రరేమీ రాదు, ఎందుకంటే రూల్‌లో టైపుగా గుర్తించేది డీబగ్, ఇన్ఫో, వార్నింగ్, క్రిటికల్ అనే నాలుగింటినే. మీరు రాసిన ఫేటల్‌ని కేటగిరీ పేరులో ముక్క అనుకుని, అలాంటి పేరున్న కేటగిరీ కోసం వెతుక్కుంటుంది. మీరేమో పని అయిపోయిందని నిశ్చింతగా ఉంటారు.

అసలు ఫేటల్ పని రాయడంతో అయిపోదు. సందేశం రాస్తుంది, వెంటనే ప్రోగ్రామ్‌ని ఉన్నపళంగా ఆపేసే అబార్ట్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది, ప్రాసెస్ అక్కడికక్కడే పోతుంది. డిస్ట్రక్టర్లు (ఆబ్జెక్టులు పోయేటప్పుడు అన్నీ సర్దే కోడ్) నడవవు, ఫైల్ బఫర్‌లో మిగిలింది డిస్కుకి చేరదు. లాగ్ సందేశాలను అందుకునే ఫంక్షన్, అంటే మెసేజ్ హ్యాండ్లర్, మీ సొంతది పెట్టుకున్నా అంతే, అది తిరిగి రాగానే అబార్ట్. ఆ హ్యాండ్లర్లో మీరు చేయగలిగిందల్లా లాగ్ ఫైల్ ఫ్లష్ చెయ్యడం, అంటే బఫర్‌లో ఉన్నది డిస్కుకి రాసెయ్యడం.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చెబుతాను. ఒక మిల్లులో ఎవరో ముందు రాసి వెళ్లిన కోడ్‌లో, కాటా బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద అంకె రాకపోతే ఫేటల్ పెట్టారు. కేబుల్ కాస్త వదులైనా చాలు, యాప్ గుటుక్కుమనేది. లోడ్ లారీ కాటా ఎక్కింది, బరువు తెర మీద కనిపించింది, ఆపరేటర్ సేవ్ నొక్కాడు, ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేలోపు, అంటే ఆ బరువు డేటాబేస్‌లో పక్కాగా ఎక్కేలోపు, యాప్ పోయింది. అతనేమో బరువు ఎక్కిపోయిందనుకుని లారీని లోపలికి పంపాడు. మళ్లీ యాప్ తెరిచేసరికి డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్ తన పని తాను సరిగ్గానే చేసి, సగంలో ఉన్న ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తీసేసింది. లారీ సరుకు దింపి ఖాళీ కాటాకి వచ్చింది. లోడ్ బరువు సిస్టమ్‌లో లేదు. బస్తాలు అప్పటికే గోదాములో కలిసిపోయాయి, మళ్లీ తూచేదేముంది? రైతు ఒక మాట, మిల్లు ఒక మాట, మధ్యలో ఆపరేటర్ కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కేబుల్ ఊడితే అది క్రిటికల్. తెర మీద ఎర్రగా చూపించండి, సేవ్ బటన్ ఆపండి, పోర్టు మళ్లీ తెరవడానికి ప్రయత్నించండి. ఇక ముందుకెళ్తే ఉన్న రికార్డులు కూడా పాడవుతాయి అన్నప్పుడే, అంటే డేటాబేస్ టేబుళ్లు ఈ వెర్షన్‌కి సరిపోనప్పుడు లాంటి చోట్లే, ఫేటల్. అది కూడా మొదలయ్యేటప్పుడే చూసుకోండి, లారీ కాటా మీద ఉన్నప్పుడు కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. “వార్నింగ్ వల్ల యాప్ ఎప్పుడూ పోదు” అంటారు. క్యూటీ ఫేటల్ వార్నింగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ టెస్టింగ్‌కి పెట్టి మర్చిపోతే శుభ్రంగా పోతుంది, చూసుకోండి. “లాగ్‌లో ఏమీ లేదు, కాబట్టి ఫేటల్ కాదు” అనేది ఇంకోటి. విండోస్‌లో కన్సోల్ లేని యాప్ అయితే ఆ సందేశం డీబగ్గర్‌కి వెళ్తుంది, ఫైల్‌కి రాసే హ్యాండ్లర్ మీరు పెట్టకపోతే ఎవరికీ కనపడదు. లినక్స్‌లో అయితే షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 134 కనిపిస్తే అబార్ట్ అయిందని అనుకోవచ్చు.

చివరిది మిల్లు వాళ్ల కోసం. ఫేటల్ అని కనిపించగానే వైరస్ అనో, హార్డ్ డిస్క్ పోయిందనో ఊళ్లో కంప్యూటర్ షాపాయన చెప్పేస్తాడు, ఫార్మాట్ కొట్టేస్తాడు. మీ భయం నాకు తెలుసు, బయట లారీలు వరుసగా నిలబడి హారన్ కొడుతుంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ మాట సాధారణంగా మా ప్రోగ్రామ్ తనంతట తాను ఆగిందని చెప్పేదే. ఫార్మాట్ కొడితే ఎందుకు ఆగిందో చెప్పే లాగ్, డంప్ (ఆగినప్పటి మెమరీ నకలు) రెండూ పోతాయి, తర్వాత నేనొచ్చినా చేసేదేమీ ఉండదు. తెరకి ఫోన్‌తో ఫోటో తీయండి, యాప్ మళ్లీ తెరవండి, ఆఖరి లారీ బరువు ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే, సరుకు దింపకముందే ఆ లారీని ఆపి మళ్లీ కాటా ఎక్కించండి. ఫోన్ నాకు ఆ తర్వాత చెయ్యొచ్చు.