నీళ్లలో మందు, గదిలో గాలి

కడప

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాత ఆశీస్సులు.

అమ్మ నడుం నొప్పికని మీ నాయన కొత్తింటి మేడ మీద గదిలో జకూజీ, అదే బుడగలొచ్చే వేడి నీళ్ల టబ్బు, పెట్టిస్తున్నాడట కదా. అందులో క్రిములు చావడానికి క్లోరిన్ వేయాలా, బ్రోమిన్ వేయాలా అని మీరిద్దరూ జుట్లు పట్టుకుంటున్నారని తెలిసింది. ఫోన్లో చెబితే సగం కూడా వినరు, అందుకే రాస్తున్నా. మందు ఏదైనా సరే, ముందు ఆ గదిలో గాలి ఎటు పోతుందో చూడండి. ఆరుబయట టబ్బులోంచి లేచిన ఆవిరి గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో లేచింది మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది.

ఈత కొలను దగ్గర ఘాటు వాసన వస్తే నీళ్లు భలే శుభ్రంగా ఉన్నాయనుకుంటాం. నిజానికి అది క్లోరిన్ వాసన కాదు. చెమట, ఉచ్చ లాంటివాటితో క్లోరిన్ కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన. (చిన్నా, నవ్వకు, నీ గురించే.) కళ్లు మండేదీ, దగ్గు తెరలు వచ్చేదీ వాటితోనే. వేడి నీళ్లలో బుడగలు కూడా తోడైతే అవి ఇంకా తొందరగా పైకి లేచి, సరిగ్గా మీ ముక్కు ఉండే ఎత్తులో పేరుకుంటాయి.

బ్రోమిన్ కూడా చెమటతో కలుస్తుంది. కానీ కలిశాక కూడా క్రిముల్ని చంపుతూనే ఉంటుంది, వాసనా తక్కువ. ఎండ తగిలితే విరిగిపోతుంది గానీ గదిలో ఆ బెడద లేదు. పైగా మీ అనంతపురం బోరు నీళ్లు! బకెట్ అంచున గోరుతో గీకినా రాని తెల్లటి గార చూడలేదూ? అలాంటి నీళ్లలో బుడగలు ఆడేకొద్దీ పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే అంకె, పైకి ఎక్కుతుంది. అది 8కి చేరితే క్లోరిన్‌లో గట్టిగా పనిచేసే భాగం సుమారు నాలుగో వంతే మిగులుతుంది. బ్రోమిన్‌కి అంత దెబ్బ తగలదు. అందుకే నా ఓటు బ్రోమిన్‌కి. ధర ఎక్కువ, మీ నాయన గొణుగుతాడు, గొణగనీండి.

లీటరుకు బ్రోమిన్ కనీసం 4 మిల్లీగ్రాములు, క్లోరిన్ అయితే 3 ఉండాలి. టెస్ట్ స్ట్రిప్ ముంచి రంగు చూసే పని మీది. మందు వేసే పని మాత్రం నాయనదే. క్లోరిన్ బిళ్లల్నీ బ్రోమిన్ బిళ్లల్నీ ఒకే డబ్బాలో పెట్టారా, ప్రమాదం. క్లోరిన్‌కి యాసిడ్ తగిలితే విషవాయువే.

మందు తగ్గితే ఏమవుతుందంటారా? లెజియోనెల్లా అని ఒక క్రిమి ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభకు వచ్చినవాళ్లు న్యుమోనియాతో పడిపోతే, ఆ తర్వాతే అది బయటపడింది. దానికి 25 నుంచి 45 డిగ్రీల వెచ్చటి నీళ్లంటే పండగే. తుంపర్లతో కలిసి ఊపిరిలోకి పోతుంది. టబ్బు వేడి ఎప్పుడూ 40 దాటనీయకండి. పిన్ని కొడుక్కి నాలుగేళ్లే కదా, వాడిని అసలు దించొద్దు.

ఇక గాలి. "ఏసీ ఉంది కదా తాతా" అంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలి, దాని గొట్టం ఫాల్స్ సీలింగ్‌లో ఆగిపోకుండా ఇంటి బయటికే పోవాలి. ఎదురు గోడకి కింద, కొత్త గాలి వచ్చే దారి ఉండాలి. అది లేకపోతే ఫ్యాన్ ఊరికే మోత పెడుతుంది. మీరు బయటికి వచ్చాక కూడా కాసేపు తిరగనీయండి, టబ్బుకి మూత వేయండి. కిటికీ అద్దం మీద వేలితో పేరు రాయగలిగేంత ఆవిరి నిలిచిందంటే గాలి చాలడం లేదన్నమాట. కొన్నాళ్లకు గోడ మూలల్లో నల్ల బూజు కూడా వస్తుంది.

మేస్త్రీ ఆ గదికి ప్లాస్టరింగ్ ఇంకా మొదలుపెట్టలేదు కదా? ఇప్పుడే రెండు గోడలకీ కన్నాలు పెట్టించమని నాయనతో చెప్పండి. ఎక్కడ పెట్టారో ఫొటో తీసి పంపండి, చూస్తాను.

మీ తాత