213 ఎక్కడి నుంచి వచ్చింది?

2011 జనాభా లెక్కల ప్రకారం అనంతపురం జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 213. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. అప్పటికి మళ్లీ జనాభా లెక్కలేమీ జరగలేదు, అయినా ఆ 213 చెల్లకుండా పోయింది. 213 అని రాయాలా, కొత్త అంకె రాయాలా అనే టెన్షన్ గ్రూప్స్‌కి చదివే పిల్లలకు మిగిలింది.

అసలు జనసాంద్రతను ఎవరూ కొలవరు. జనాన్ని లెక్కపెడతారు, భూమిని కొలుస్తారు. ఆ రెండింటినీ భాగిస్తే వచ్చేది సాంద్రత. అలాంటప్పుడు దాన్ని డేటాలో రాసిపెట్టుకోవడం ఎందుకు? కావలసినప్పుడు లెక్క కట్టిస్తే పోలా?

లింక్డ్ డేటాలో, అంటే వేర్వేరు చోట్ల ఉన్న సమాచారాన్ని లింకులతో కలిపే పద్ధతిలో, ఈ పని తేలిక. అందులో ప్రతి విషయమూ మూడు ముక్కల వాక్యం: ‘పెనుకొండ మండలం – ఉన్న జిల్లా – అనంతపురం’. మండలానికీ జిల్లాకీ వెబ్ చిరునామా లాంటి ఒక గుర్తింపు ఉంటుంది కాబట్టి, ఒకరి దగ్గరున్న జనాభా, మరొకరి దగ్గరున్న విస్తీర్ణం ఒకే మండలానికి వచ్చి అతుక్కుంటాయి. ఈ డేటాను అడిగే భాష స్పార్కిల్. 2008 నాటి వెర్షన్‌కి మొత్తాలు కట్టి ఇవ్వడం రాదు. 2013లో వచ్చిన 1.1 వెర్షన్‌తో కూడికలు, భాగహారాలు చేసి ఆ ఫలితాన్నే జవాబుగా ఇవ్వడం మొదలైంది.

ఇక రూల్ ఒక్కటే: జిల్లాలోని మండలాల జనాభా కూడు, విస్తీర్ణం కూడు, భాగించు. జిల్లా చీలినప్పుడు పెనుకొండ లాంటి మండలాల లింకును కొత్త జిల్లాకు మారిస్తే చాలు. 22.41 లక్షలను 10,205తో భాగించి అనంతపురానికి 220, 18.40 లక్షలను 8,925తో భాగించి శ్రీ సత్యసాయికి 206 అని అదే చెబుతుంది.

అయితే ఈ యంత్రం చెప్పింది చేస్తుందే గానీ తప్పుంటే అడ్డు చెప్పదు. పాత ఉమ్మడి జిల్లాకు 2001 జనాభా 36.40 లక్షలు, 2011ది 40.81 లక్షలు రెండూ నమోదై ఉన్నాయనుకోండి. విస్తీర్ణం కూడా ఒకరు 19,130 చదరపు కిలోమీటర్లనీ, ఇంకొకరు 7,386 చదరపు మైళ్లనీ యూనిట్ రాయకుండా ఎక్కించారు. సాంద్రత అడిగితే నాలుగు జవాబులు వస్తాయి: 190, 213, 493, 553. నాలుగూ సరైన భాగహారాలే! ఏ సంవత్సరం, ఏ యూనిట్ అన్నది ప్రశ్నలోనే అడగాలి.

ఇంతకంటే ప్రమాదం, లేని డేటా. ఒక మండలం జనాభా ఎక్కించకపోతే మొత్తం ఆ మేరకు తగ్గి వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. లింక్డ్ డేటా దృష్టిలో, రాయనిది ‘లేదు’ అని కాదు, ‘ఇంకా తెలియదు’ అని. కూడికకు ఆ తేడా పట్టదు. అందుకే మొత్తంతో పాటు ఎన్ని మండలాలు లెక్కలోకి వచ్చాయో కూడా అడగడం మంచిది.

ప్రతిసారీ లెక్క కట్టడం భారమైతే ఫలితాన్ని నిల్వ చేసుకోవచ్చు. దానికీ స్పార్కిల్‌లో ఏర్పాటుంది: వచ్చిన జవాబునే కొత్త వాక్యంగా తయారుచేసి ఇస్తుంది. కాకపోతే ఆ వాక్యాల్ని కొలిచిన డేటాతో కలపకుండా వేరే గ్రాఫ్‌లో (అంటే వాక్యాల విడి కట్టలో) పెట్టి, ఏ రూల్‌తో, ఏ తేదీన వచ్చాయో పక్కన రాయాలన్నది నా పట్టుదల. అప్పుడు జిల్లా హద్దులు మళ్లీ మారినా ఆ గ్రాఫ్ మొత్తం తీసేసి రూల్‌ను ఇంకోసారి నడపొచ్చు.