దీపం ఉంది, చమురుకే కరువు: రెండు యూదు మ్యూజియంల జమాఖర్చుల వెనుక చరిత్ర

2023 జూలై 30, ఆదివారం. లండన్‌లోని కామ్డెన్ టౌన్, ఆల్బర్ట్ స్ట్రీట్‌లో ఉన్న యూదు మ్యూజియం ఆ రోజు ఆఖరిసారిగా సందర్శకులను లోపలికి రానిచ్చింది. నిర్వహణ ఖర్చులు మోయలేకపోతున్నామని, భవనం అమ్మేసి, వస్తువులను భద్రపరిచి, మూడు నుంచి ఐదేళ్లలో కొత్త చోటు చూసుకుంటామని ట్రస్టీలు అప్పటికే ప్రకటించి ఉన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 2020 మార్చి 1న, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న జాతీయ అమెరికన్ యూదు చరిత్ర మ్యూజియం అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ దివాలా చట్టం 11వ అధ్యాయం కింద కోర్టును ఆశ్రయించింది. రెండూ లాభాపేక్ష లేని ధర్మసంస్థలే. రెండూ 2010లోనే, ఎనిమిది నెలల తేడాతో, కొత్తగా కట్టిన భవనాల్లో తలుపులు తెరిచాయి. తర్వాత వచ్చిన కష్టాలకు కోవిడ్‌నూ పెరిగిన ధరలనూ కారణాలుగా చెబుతున్నారు. అవి అబద్ధం కాదు గానీ, ఈ కథ మొదలైంది 2010లోనే అని నా అభిప్రాయం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ భవనాలకు డబ్బు పోగుచేసిన తీరులోనే మొదలైంది.

లండన్ మ్యూజియం పుట్టింది 1932లో. చరిత్రకారుడు సెసిల్ రోత్, సేకర్తలు ఆల్‌ఫ్రెడ్ రూబెన్స్, విల్‌ఫ్రెడ్ శామ్యూల్ కలిసి బ్లూమ్స్‌బరీలోని వోబర్న్ హౌస్‌లో దానిని ఏర్పాటు చేశారు. అది అప్పట్లో యూదు సమాజ సంస్థల కార్యాలయాలు ఉన్న భవనం. అంటే ఆ రోజుల్లో మ్యూజియం నెత్తిన సొంత కప్పు అనే భారం లేదు, సమాజం ఇంట్లో ఒక గది దానిది. అందులో చేరిన వస్తువుల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే లెక్కల పుస్తకంలోని అంకెలు కాపాడుతున్నది వాటినే. 17వ శతాబ్దంలో వెనిస్‌లో చేసిన ఒక పెద్ద కొయ్య మందసం ఉంది. యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో వారి ధర్మగ్రంథం తోరా చుట్టలను ఉంచే పవిత్రమైన అర అది. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న చిల్లింగ్‌హామ్ కోటలో దానిని, అదేమిటో తెలియకుండానే, బట్టల బీరువాగా వాడుకున్నారు. అక్కడి నుంచి బయటపడి మ్యూజియానికి చేరింది. 13వ శతాబ్దపు స్నానకుండం రాళ్లు కూడా ఇక్కడికే వచ్చాయి. లండన్ నడిబొడ్డున మిల్క్ స్ట్రీట్‌లో 2001లో జరిగిన తవ్వకాల్లో అవి దొరికాయి. 1290లో ఒకటవ ఎడ్వర్డ్ రాజు యూదులను దేశం నుంచి వెళ్లగొట్టకముందు ఆ వీధుల్లో కాపురమున్న కుటుంబాలు శుద్ధి స్నానానికి వాడుకున్న మెట్ల తొట్టె అది.

ఈ సంస్థ స్వభావాన్ని మార్చిన సంవత్సరం 1995. ఆ ఏడాది మ్యూజియం వోబర్న్ హౌస్ వదిలి కామ్డెన్‌లోని సొంత భవనానికి మారింది. ఆ రోజుల్లోనే లండన్ యూదు జీవన మ్యూజియం అనే మరో సంస్థ ఇందులో కలిసింది. 1983లో ఫించ్లీలోని స్టెర్న్‌బర్గ్ సెంటర్‌లో మొదలైన ఆ రెండో మ్యూజియం వెండి సామగ్రి జోలికి పోలేదు. తూర్పు లండన్‌కు వలస వచ్చిన దర్జీల కుట్టుపనులు, ఇరుకు గదులు, ముసలివాళ్ల నోటిమాటలు, ఇవీ దాని సంపద. రెండు రకాల జ్ఞాపకాలు ఒకే బోర్డు కిందికి రావడం మంచి పనే. కానీ కలయిక కాగితం మీద పూర్తయినా, ఫించ్లీ శాఖ 2007 వరకు విడిగానే నడిచింది. పన్నెండేళ్లపాటు ఒకే ధర్మసంస్థ రెండు కప్పులకు, రెండు కరెంటు బిల్లులకు, రెండు చోట్ల కాపలాకు డబ్బు వెతుక్కుంది. దీనికి పరిష్కారంగా ట్రస్టీలు ఎంచుకున్నది విస్తరణ. కామ్డెన్ భవనం వెనక ఉన్న పాత పియానో ఫ్యాక్టరీని కొని, రెండింటినీ కలిపి, సుమారు కోటి పౌండ్ల ఖర్చుతో కొత్త మ్యూజియం కట్టారు. అందులో 42 లక్షల పౌండ్లు, లాటరీ రాబడి నుంచి వారసత్వ సంపదకు నిధులిచ్చే హెరిటేజ్ లాటరీ ఫండ్ ఇచ్చింది, మిగతాది దాతలది. 2010 మార్చిలో అది తెరుచుకుంది.

ధర్మసంస్థ ఖజానా ఒకే సంచి కాదు. దాత ఫలానా పనికని ఇచ్చిన డబ్బు ఆ పనికే పోవాలి. దానిని జీతాలకో, మరమ్మతులకో మళ్లిస్తే బ్రిటిష్ చట్టం ప్రకారం అది ధర్మకర్తృత్వాన్ని ఉల్లంఘించడమే. అందువల్ల వార్షిక లెక్కల్లో షరతులున్న నిధులు ఒక వరుసలో, షరతులు లేనివి మరో వరుసలో, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడాల్సిన మూలనిధి ఇంకో వరుసలో చూపిస్తారు. ఈ మూడోదాన్ని మన సంస్థల వాడుకలో కార్పస్ ఫండ్ అంటాం. భవనం కోసం వచ్చిన కోటి పౌండ్లు మొదటి వరుసలోకి వచ్చి, ఇటుకలుగా, అద్దాలుగా, లిఫ్టులుగా మారిపోతాయి. ఆస్తుల పట్టీ చూస్తే సంస్థ కలిగినింటిదిలాగా కనిపిస్తుంది. నెలాఖరుకు జీతాలివ్వడానికి చేతిలో ఉండేది మాత్రం షరతులు లేని ఆ సన్నని వరుసే. మ్యూజియం ఆర్థిక స్థితి ఏమిటో తెలుసుకోదలచిన వారు మొత్తం ఆస్తి అంకె దగ్గర ఆగిపోకూడదు.

మన ప్రాంతపు శాసనాలు చదివినవారికి ఈ తేడా వెంటనే తడుతుంది. గుడి కట్టించినవారు వేరు, అందులో అఖండ దీపానికి నెయ్యి సరఫరా ఆగకుండా గొర్రెలను దానమిచ్చి, ఆ మందను బోయలకు అప్పగించినవారు వేరు. ఆ మంద తరగకూడదు, పాలూ నెయ్యీ మాత్రమే వాడుకోవాలి. మూలనిధి అంటే అదే. 2010 నాటి మ్యూజియంలకు గోపురం కట్టించే దాతలు దొరికారు గానీ, మందను ఇచ్చే దాతలు చాలినంతమంది దొరకలేదు. గోడ మీద పేరు చెక్కించుకోవడానికి వీలుండే విరాళానికీ, పదేళ్ల తర్వాత బాయిలర్ మార్చడానికి పనికొచ్చే విరాళానికీ మధ్య దాత ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. దాతను తప్పుపట్టలేం. అడిగేవాళ్లు ఏమని అడిగారన్నది అసలు ప్రశ్న, అడిగేది బోర్డు.

కామ్డెన్ మ్యూజియం రోజువారీ ఖర్చు పెరగడానికి దాని స్థానమూ, దాని స్వభావమూ రెండూ కారణాలే. బ్రిటన్‌లో జాతీయ మ్యూజియంలకు 2001 డిసెంబరు నుంచి ప్రవేశం ఉచితం. కొద్ది మైళ్ల దూరంలో బ్రిటిష్ మ్యూజియం పైసా తీసుకోకుండా తలుపులు తెరిచి ఉంచుతుంటే, ఈ మ్యూజియం టికెట్ అమ్ముకోవాలి. పైగా యూదు సంస్థ కావడం వల్ల గుమ్మం దగ్గర కాపలా తప్పని ఖర్చు. 2014 మే 24న బ్రస్సెల్స్ యూదు మ్యూజియంలో ఒక సాయుధుడు నలుగురిని కాల్చి చంపిన తర్వాత యూరప్‌లో ఏ యూదు మ్యూజియం బోర్డుకైనా ఆ పద్దులో కోత పెట్టడం కష్టమైంది. సాధారణ మ్యూజియం కష్టకాలంలో కాపలా గంటలు తగ్గించుకోగలదు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల టికెట్ల ఆదాయం, బడిపిల్లల సందర్శనలు, హాలు అద్దెలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ తర్వాత 2022లో కరెంటు, గ్యాస్ ధరలు మండిపోయాయి. పాత బట్టలు, కాగితాలు, కొయ్య వస్తువులు ఉన్న గదుల్లో ఉష్ణోగ్రతనూ తేమనూ రాత్రింబగళ్లు ఒకే స్థాయిలో ఉంచాలి. సందర్శకుడు రాని రోజున కూడా ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

అంత విలువైన వస్తువులు చేతిలో ఉంచుకొని డబ్బు లేదనడమేమిటి అని చాలామంది అడుగుతారు. నిజమే, 1709లో లండన్‌లో చేసిన లిండో దీపం ఒక్కటే చాలు ఎవరి కళ్లయినా చెదరడానికి. హనుక్కా పండుగకు ఎనిమిది రాత్రులు వెలిగించే ఎనిమిది నూనె గిన్నెల వెండి దీపం అది. ఎలియాస్ లిండో అనే వర్తకుడి పెళ్లి సందర్భంలో చేయించినది కాబట్టి, దాని వెనక రేకు మీద అదే పేరున్న ప్రవక్త ఎలియాకు కాకులు ఆహారం తెచ్చిపెట్టే దృశ్యం చెక్కారు. ఇంగ్లండ్‌లో తయారైన హనుక్కా దీపాల్లో మనకు తెలిసినంతలో ఇదే పాతది. చాలాకాలం అరువుగా ఉన్న ఈ దీపాన్ని మ్యూజియం ప్రత్యేకంగా నిధులు పోగుచేసి సొంతం చేసుకుంది. ఇలాంటివి అమ్మి అప్పు తీర్చడం మ్యూజియం వృత్తి నియమావళి ప్రకారం దాదాపు నిషిద్ధం. అలా చేసిన సంస్థ తన గుర్తింపును, దానితోపాటు గ్రాంట్లను పోగొట్టుకుంటుంది. మళ్లీ ఏ కుటుంబమూ తన తాతల వస్తువును నమ్మి అక్కడ పెట్టదు. 1997లో ఈ సేకరణకు జాతీయ ప్రాముఖ్యం గల సేకరణగా ప్రత్యేక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి 2023లో ట్రస్టీల ముందు ఉన్న ఎంపిక నిజానికి చాలా ఇరుకైనది. అమ్మగలిగినదల్లా భవనమే, వారు దానినే అమ్మకానికి పెట్టారు. సేకరణ కోసం భవనాన్ని వదులుకోవడాన్ని కొందరు ఓటమిగా చూశారు. నేను అలా చూడలేను. నిధులు పూర్తిగా అడుగంటకముందే నిర్ణయం తీసుకున్న బోర్డు తన బాధ్యతను నెరవేర్చినట్టే. తప్పు జరిగి ఉంటే, అది అంతకు పుష్కరానికి పైగా ముందు, విస్తరణ లెక్కలు వేసిన బల్ల దగ్గర జరిగింది.

ఫిలడెల్ఫియా కథలో అప్పు ప్రధాన పాత్ర. ఆ మ్యూజియం 1976 జూలై 4న, అమెరికా ద్విశత స్వాతంత్ర్య దినాన, మిక్వే ఇజ్రాయెల్ అనే సినగాగ్‌తో ఒకే భవనాన్ని పంచుకుంటూ మొదలైంది. లండన్‌లో లాగే ఇక్కడా తొలి దశ సమాజం నీడలోనే గడిచింది. 2010 నవంబరులో, స్వాతంత్ర్య ప్రకటన జరిగిన భవనానికి కూతవేటు దూరంలో, వాస్తుశిల్పి జేమ్స్ పోల్షెక్ రూపకల్పనలో ఐదంతస్తుల సొంత భవనం లేచింది. దాదాపు లక్ష చదరపు అడుగులు, మొత్తం 15 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. విరాళాలు చాలని మేరకు బాండ్లు జారీ చేసి అప్పు తెచ్చారు. 2008 ఆర్థిక సంక్షోభం దాతల జేబులను కుదించిన కాలం అది. పదేళ్ల తర్వాత కోర్టుకు వెళ్లేనాటికి నిర్మాణపు అప్పే మూడు కోట్ల డాలర్లకు పైగా మిగిలి ఉంది. మామూలు కార్యకలాపాలకు వచ్చే ఆదాయం వాటికి సరిపోతున్నా, వాయిదాలు కట్టేసరికి ఏమీ మిగలని పరిస్థితి. దివాలా పిటిషన్ వేసిన రెండు వారాలకే కోవిడ్ వల్ల మ్యూజియం మూతపడింది.

ఇక్కడ పాలన ప్రశ్న సూటిగా ఎదురవుతుంది. ఆ బాండ్లు కొన్నవారిలో బ్యాంకుతోపాటు మ్యూజియం శ్రేయోభిలాషులు కూడా ఉన్నారు. సంస్థను ప్రేమించేవారే దానికి అప్పిచ్చినప్పుడు, అది విరాళమా, పెట్టుబడా అన్న గీత చెరిగిపోతుంది. వాయిదా అడగడానికి వారికి మొహమాటం, ఖర్చు తగ్గించమని చెప్పడానికి బోర్డుకు మొహమాటం. చివరికి దివాలా కోర్టు పర్యవేక్షణలో ఒక దారి దొరికింది. మ్యూజియంతో దగ్గరి సంబంధమున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి మిచెల్ మోర్గాన్ భవనాన్ని కోటి డాలర్లకు కొని, నామమాత్రపు అద్దెకు మ్యూజియానికే ఇచ్చారు, తిరిగి కొనుక్కునే హక్కు కూడా ఉంచారు. 2021లో చెప్పుల రూపకర్త స్టువర్ట్ వైట్జ్‌మన్ పెద్ద విరాళం ప్రకటించారు. దానితో భవనం తిరిగి మ్యూజియం చేతికి రావడం, ఎన్నాళ్లుగానో లేని మూలనిధి ఏర్పడడం రెండూ సాధ్యమయ్యాయి. మ్యూజియం ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆ విరాళంలో నాకు ముఖ్యంగా కనిపించేది మూలనిధి భాగమే. 2010లో ఎవరూ ఇవ్వని గొర్రెల మంద అది.

ఇలా దగ్గరివారికి భవనం అమ్మడం ఇంగ్లండ్‌లో అయితే ఇంత సులువు కాదు. 2011 ధర్మసంస్థల చట్టం ప్రకారం ట్రస్టీలకు గానీ, సంస్థకు భూమి దానమిచ్చినవారికి గానీ, వారి దగ్గరివారికి గానీ సంస్థ భూమిని అమ్మాలంటే, ధర్మసంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ లేదా కోర్టు అనుమతి కావాలి. బయటివారికి అమ్మినా, అర్హుడైన సలహాదారు నుంచి రాతపూర్వక నివేదిక తీసుకోవాలి. ఈ నిబంధనలు ఆలస్యం తెస్తాయన్న ఫిర్యాదు పాతదే. అయినా, స్నేహితుడి చేతిలో పెట్టినా సరే ధర్మం సొత్తు విలువ బయటివాడు కట్టాల్సిందే అన్న సూత్రం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

మాంచెస్టర్ యూదు మ్యూజియం పరిస్థితి వేరు. 1874లో కట్టిన సినగాగ్‌లో అది నడుస్తోంది, అక్కడ భవనమే ప్రధాన ప్రదర్శన వస్తువు. కాబట్టి దానిని అమ్మి బయటపడే దారి ఆ బోర్డుకు ఎప్పటికీ లేదు. 2021లో ముగిసిన దాని పునరుద్ధరణ కూడా లండన్ విస్తరణ కంటే చిన్నది.

ఫిలడెల్ఫియా మ్యూజియాన్ని, అమెరికా జాతీయ మ్యూజియంలను నడిపే స్మిత్సోనియన్ సంస్థలో కలపవచ్చా అని పరిశీలించే కమిషన్ ఏర్పాటుకు అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన బిల్లు 2025 జనవరిలో చట్టమైంది. కలిస్తే ప్రైవేటు బోర్డు స్థానంలో జాతీయ సంస్థ పాలన వస్తుంది. లండన్ ట్రస్టీల ముందున్న లెక్క దీనికి భిన్నం. భవనం అమ్మకం డబ్బులో ఎంత కొత్త గోడలకు, ఎంత మూలనిధికి అన్నదే అది. నిర్ణీత పరిమితికి మించి ఆదాయమున్న ధర్మసంస్థ లెక్కలు ఆడిట్ కావాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన పది నెలల్లో ఛారిటీ కమిషన్‌కు చేరాలి. ఆ నివేదికలను ఎవరైనా రుసుము లేకుండా చదువుకోవచ్చు. లిండో దీపం మళ్లీ ఒక గాజుపెట్టెలో నిలకడగా కూర్చునే రోజు కోసం ఎదురుచూసేవారు, అందులో రిజర్వుల విధానం, అంటే కష్టకాలానికి ఎంత నిల్వ ఉంచుకోవాలో చెప్పే పేరాను, దాని పక్కనే షరతులు లేని నిధుల అంకెను ముందుగా చూడాలి.