సింగిల్ సెల్ డేటాను కలపడం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మా వీధి చివర పట్టు నూలుకు రంగు అద్దే ఇల్లు ఒకటి ఉంది. రంగు పొడి అదే, కొలత అదే, ముంచే మనిషీ అతనే. అయినా సోమవారం తొట్టిలోంచి తీసిన చిలపకూ గురువారం తీసిన చిలపకూ ఛాయ కలవదు. అందుకే ఒక చీరకు కావలసిన నూలునంతా ఒకే తొట్టిలో ముంచుతారు. ఒక్కొక్క కణంలో ఏ జన్యువు ఎంత ఆర్ఎన్ఏ తయారు చేస్తోందో లెక్కించే సింగిల్ సెల్ పరిశోధనలో ఆ సౌకర్యం ఉండదు. నమూనాలు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ప్రయోగశాలల నుంచి వస్తాయి. ఒక్కో విడతను మేము బ్యాచ్ అనీ, ఆ ఛాయ తేడాను బ్యాచ్ ఎఫెక్ట్ అనీ అంటాం. దాన్ని సవరించి డేటాసెట్లను ఒకచోట కలపడమే నా రోజువారీ పని. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న విద్యార్థుల నోట తరచుగా వినిపించే కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ సాధనకు పనికొస్తుంది గానీ అసలు పరిశోధనకు పనికిరాదు.

వాస్తవం: ఈ రంగం నడుస్తున్నదే ఓపెన్ సోర్స్ మీద. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవారికి న్యూయార్క్‌లోని సతీజా బృందం తయారుచేసిన సూరా, పైథాన్ వాడేవారికి 2018లో మ్యూనిక్ నుంచి వెలువడిన స్కాన్‌పై ప్రధాన ఆధారాలు. డేటాసెట్లను కలపడానికి వాడే హార్మనీ, లైగర్, ఎస్‌సీవీఐ వంటి పద్ధతుల కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. ఫలితం మీద అనుమానం వచ్చినప్పుడు ఆ కోడ్ తెరిచి చదువుకోగలగడం నాకు ధర కంటే పెద్ద విషయం.

అపోహ: కలిపే పద్ధతిని నడిపితే బ్యాచ్ తేడా తొలగిపోయి అసలైన జీవశాస్త్రం మిగులుతుంది.

వాస్తవం: ఏ తేడా రంగు తొట్టిది, ఏ తేడా నూలుది అన్నది ఏ పద్ధతికీ తెలియదు. ఉదాహరణకు హార్మనీ, జన్యువుల కొలతలను కొన్ని పదుల ప్రధాన అక్షాలకు (కణాల మధ్య తేడాను ఎక్కువగా చూపే సారాంశ కొలతలకు) కుదించిన తర్వాత, ప్రతి గుంపులోనూ అన్ని బ్యాచ్‌ల కణాలూ కలిసి ఉండేలా గుంపులు కట్టి, కణాలను ఆ దిశగా కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంది. ఎంత గట్టిగా కలపాలో తీటా అనే పరామితి నిర్ణయిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ 2. ఒక బ్యాచ్‌లో మాత్రమే ఉన్న కణ రకాన్ని కూడా ‘కలవని గుంపు’ గానే చూసే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఈ తప్పు నేనే చేశాను. ఒక ప్రయోగశాల నాకు రెండు డేటాసెట్లు పంపింది: ఒకటి ఆరోగ్యవంతుల రక్తం, రెండవది ఎర్ర కణాలు కొడవలి ఆకారానికి మారే సికిల్ సెల్ వ్యాధి ఉన్న రోగుల రక్తం. మా ఒడిశా జిల్లాల్లో ఈ వ్యాధి కొత్తది కాదు కనుక ఆ పని ఇష్టంగానే తీసుకున్నాను. ప్రతి కణాన్నీ ఒక చుక్కగా, డేటాసెట్‌కు ఒక రంగు చొప్పున చూపే యూమ్యాప్ అనే మొదటి చిత్రంలో రెండు డేటాసెట్లూ విడివిడిగా కనిపించడం నచ్చక తీటాను 6కు పెంచాను. రంగులు చక్కగా కలిసిపోయాయి, చిత్రం పంపించాను. వారం తర్వాత హీమోగ్లోబిన్ జన్యువుల ప్రకారం రంగు వేసి చూస్తే, ఆ జన్యువులు అతి ఎక్కువగా ఉన్న కణాలు మోనోసైట్లు అనే తెల్ల కణాల గుంపు అంతటా చుక్కలు చుక్కలుగా చెల్లాచెదురై ఉన్నాయి. అవి ఆరోగ్యవంతుల రక్తంలో దాదాపు కనిపించని, రోగుల రక్తంలోకి పూర్తిగా ఎదగకముందే వచ్చేసిన కేంద్రకమున్న ఎర్ర కణాలు. కలపక ముందు అవి ఒక మూల స్పష్టంగా విడిగా నిలబడి ఉన్నాయి.

తీటాను తగ్గిస్తే అవి తిరిగి వచ్చాయి గానీ అసలు చిక్కు తీరలేదు. రోగులందరి నమూనాలూ ఒకచోట, ఆరోగ్యవంతులవన్నీ మరోచోట తయారయ్యాయి. అంచు నూలంతా సోమవారం, ఒంటి నూలంతా గురువారం ముంచిన తర్వాత, తేడా నూలుదా తొట్టిదా అంటే రంగరి కూడా చెప్పలేడు. రెండు రకాల నమూనాలనూ ఒకే విడతలో మళ్లీ నడపమని అడగడం తప్ప నాకు దారి లేకపోయింది.

2022లో ప్రచురితమైన ఒక పెద్ద తులనాత్మక అధ్యయనం, 12 లక్షలకు పైగా కణాల మీద కలిపే పద్ధతి, దానికి ముందు డేటాను సిద్ధం చేసే తీరు కలిసిన 68 రకాల కూర్పులను పరీక్షించినప్పుడు, బ్యాచ్ తొలగింపుకు 40 శాతం, జీవశాస్త్ర సమాచారం నిలిచి ఉండటానికి 60 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. ప్రతి జన్యువునూ ఒకే కొలబద్దకు తెచ్చే స్కేలింగ్ చేస్తే పద్ధతులు బ్యాచ్ తొలగింపు వైపే మొగ్గుతాయనీ అందులో తేలింది.

అపోహ: కలిపిన తర్వాత వచ్చిన సవరించిన విలువలతోనే రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య జన్యువుల తేడా లెక్కించాలి.

వాస్తవం: హార్మనీ అసలు లెక్కల పట్టికను ముట్టుకోనే ముట్టుకోదు, అక్షాలను మాత్రమే సవరిస్తుంది. సూరాలో సవరించిన విలువలు దొరికినా, అవి కణాలను గుర్తించి గుంపులు కట్టడానికే. జన్యువుల తేడా చూడటానికి అసలు లెక్కలకే తిరిగి వెళ్లాలి. ముగ్గురు రోగుల నుంచి 9,000 కణాలు వచ్చినంత మాత్రాన 9,000 మంది రోగులు దొరికినట్టు కాదు. ఒక రోగిలోని ఒకే రకం కణాల లెక్కలన్నీ కూడి, మనిషికి ఒక వరుస చొప్పున పోల్చడమే భద్రమైన దారి. అలా చేస్తే మురిపించే జన్యువుల జాబితా ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. పంపిన వారికి అది రుచించదు.

అపోహ: యూమ్యాప్ చిత్రంలో దూరంగా ఉన్న గుంపులు జీవశాస్త్రపరంగానూ అంత దూరం.

వాస్తవం: కావు. గుంపుల మధ్య దూరాన్నీ, గుంపు వైశాల్యాన్నీ కొలతలుగా తీసుకోకూడదు.

అపోహ: పెద్ద సర్వర్ లేకుండా ఈ పని మొదలుపెట్టలేం.

వాస్తవం: 20,000 కణాలు, 30,000 జన్యువులు అంటే 60 కోట్ల గడులు. అన్నింటినీ నింపి దాచితే, గడికి 4 బైట్ల చొప్పున 2.4 గిగాబైట్లు కావాలి. అయితే వాటిలో పదింట తొమ్మిది సున్నాలే అనుకుందాం. సున్నా కాని విలువనూ దాని స్థానాన్నీ మాత్రమే దాచుకుంటే దాదాపు అర గిగాబైటు చాలు. పైగా విశ్లేషణలో ఎక్కువ భాగం, బాగా మారే సుమారు 2,000 జన్యువుల మీదే జరుగుతుంది. మామూలు ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టవచ్చు. లక్షల కణాలు వచ్చినప్పుడు సర్వర్ సంగతి చూసుకోవచ్చు.

అపోహ: ఒకే డేటాను ఏ సాఫ్ట్‌వేర్‌లో నడిపినా ఒకే ఫలితం వస్తుంది.

వాస్తవం: మనం ఏమీ మార్చకపోతే, ప్రతి కణానికీ దగ్గరగా చూసే పొరుగు కణాల సంఖ్యను సూరా 20గా, స్కాన్‌పై 15గా తీసుకుంటాయి, గుంపులు విడగొట్టే రిజల్యూషన్ మొదటిదానిలో 0.8, రెండవదానిలో 1. విడగొట్టే పద్ధతులూ వేరు. గుంపుల సంఖ్య మారడానికి ఇంతే చాలు. అందుకే ప్రతి ఫలితం పక్కనే వెర్షన్ సంఖ్య, రాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య), ఏ పరామితిని ఎందుకు మార్చానో రాసిపెట్టుకుంటున్నాను. తీటాను 6కు పెంచిన రోజున ఆ ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగానే ఉంది.