గుడ్డ చెప్పిన సాక్ష్యం

వీధిలో ఎవడో వేధించాడని ఆడపిల్ల ఇంటికొచ్చి చెబితే, చాలా ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న ‘నువ్వేం బట్టలు వేసుకున్నావు?’ అనే. 2003లో బెంగళూరులో జాస్మీన్ పాతేజా అనే కళాకారిణి వీధి వేధింపుల మీద మొదలుపెట్టిన బ్లాంక్ నాయిస్ అనే బృందం దీనికి బట్టలతోనే జవాబిచ్చింది. ఆ రోజు ఒంటిమీదున్న బట్టలను ఇమ్మని ఆడవాళ్లను అడిగి, వాటిని జనం ముందు పెట్టింది. చూస్తే ఏముంది, రోజూ మనం వేసుకునేలాంటివే.

గుడ్డను ఇలా సాక్ష్యానికి పిలవడం కొత్త కాదు. చిలీలో 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక ఎంతోమందిని పట్టుకుపోయింది. కొందరు మళ్లీ కనపడలేదు. శాంటియాగోలో వాళ్ల తల్లులు, భార్యలు గోనెగుడ్డ మీద పాతబట్టల పేలికలతో బొమ్మలు కుట్టారు. వాటి పేరు అర్పియేరాలు. ‘వాళ్లెక్కడ?’ అన్న ప్రశ్ననూ కుట్టారు. పత్రికల నోరు నొక్కిన ప్రభుత్వానికి ఆడవాళ్ల కుట్టుపని మొదట్లో కంటికి ఆనలేదు. అంత అలుసు మరి! చర్చి సాయంతో అవి విదేశాల్లో అమ్ముడయ్యాయి, కుట్టినవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఈ రెండో సంగతి చాలామంది చెప్పరు.

1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఎయిడ్స్ మృతుల పేర్లతో 1,920 ముక్కల బొంత పరిచారు. ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. సమాధి కొలత అన్నమాట. మరుసటి ఏడాది నుంచి బీహార్‌లోని భుసురా ఆడవాళ్లు పాత చీరల సుజని కుట్టు మీదికి కట్నం బాధలను తెచ్చారు.

తెలుగునేల మీద ఇంకా పాత దారి ఉంది. గుడ్డ మీద కథ మొత్తం బొమ్మలుగా గీసిన చేర్యాల పటాలు పట్టుకుని కథకులు ఊరూరా తిరిగి, ఒక్కో కులానికి ఆ కులం పుట్టుక కథ చెప్పేవాళ్లు. మాదిగలకు జాంబపురాణం. ఊరు తక్కువగా చూసినవాళ్లకు ‘మీ మూలం గొప్పది’ అని చెప్పిన గుడ్డ అది. ఇప్పుడు డ్రాయింగ్ రూమ్ గోడలకెక్కింది.

బెంగళూరులో నిజంగా సూదీదారంతో బతికేది గార్మెంట్స్ ఆడవాళ్లు. హిందూపురం వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ అందులో ఉన్నారు. 58 ఏళ్లొచ్చేదాకా పీఎఫ్‌లో యజమాని వాటా తీసుకోకూడదని కేంద్రం రూల్ పెడితే, 2016 ఏప్రిల్‌లో వేలమంది హోసూరు రోడ్డెక్కారు. పెద్ద యూనియన్ పిలుపేమీ లేదు. రెండో రోజుకే కేంద్రం ఆ రూల్ వెనక్కి తీసుకుంది. ఆ రెండు రోజుల కథను గుడ్డ మీదికి ఎక్కించాలంటే వాళ్లే ఎక్కించాలి, కూలి మాత్రం ముందే మాట్లాడాలి. పొద్దంతా మిషన్ మీద వంగి ఇంటికొచ్చిన మనిషిని అవగాహన కోసం ఊరికే కుట్టిపెట్టమంటే ఎవరికి ఓపిక?