ఒరిస్సాలో ‘ర’ ఎక్కడిది?

2011 నవంబరు 1న ఒరిస్సా పేరు ఒడిశాగా మారిందని మనం చెప్పుకుంటాం. ఒడియా వాళ్లకు మాత్రం ఆ రోజు పేరేమీ మారలేదు. వాళ్ల భాషలో ముందు నుంచీ అది ఒడిశానే. మారింది ఇంగ్లీషు స్పెల్లింగు, హిందీలో రాసే ‘ఉడీసా’.

ఈ పేరు చాలా పాతది. ఓడ్రులనే జనం ప్రస్తావన మహాభారతంలో ఉంది. సుమారు 1025 నాటి రాజేంద్ర చోళుడి తిరుమలై శాసనంలో (మన తిరుమల కాదు, తమిళనాడులో పోలూరు దగ్గరి ఊరు) ‘ఒడ్డ విషయ’ కనిపిస్తుంది. విషయమంటే అప్పట్లో ఒక ప్రాంతం. అదే అరిగి అరిగి ఒడిశా అయింది.

మరి ‘ర’ ఎలా వచ్చింది? ‘డబ్బా’ అనండి. నాలుక కొన అంగిలికి గట్టిగా ఆని, గాలిని ఆపి వదులుతుంది. ఇప్పుడు మామూలు వేగంతో ‘వాడు’ అనండి. ఈసారి నాలుక అంగిలిని అలా తాకి ముందుకు జారిపోతుంది. మనకు రెండూ ‘డ’లే, అక్షరమూ ఒకటే. ఒడియా, హిందీ, బెంగాలీ వాళ్లు మాత్రం రెండో శబ్దానికి డ కింద చుక్క పెట్టి రాస్తారు. ఒడిశాలో ఉన్నది ఆ చుక్క డ. ఇంగ్లీషులో ఆ శబ్దం లేదు కాబట్టి వాళ్లు దాన్ని ‘ర’గా రాసుకున్నారు. హిందీ ‘సాడీ’ వాళ్లకు శారీ అయింది, పకోడా పకోరా అయింది.

మనం పకోడీని పకోడీ అనే అన్నాం. పక్క రాష్ట్రం పేరు మాత్రం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి, అందులోని రెండు ఎస్‌లతో సహా ‘ఒరిస్సా’ అని దించేసుకున్నాం. నాకిది నిజంగా బాధ కలిగిస్తుంది. 1936 ఏప్రిల్ 1న వేరే రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బరంపురంలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పాత తెలుగులో ‘ఓఢ్ర దేశం’ అన్న మాటా ఉంది. అంత దగ్గరివాళ్ల పేరుకు మనకు ఇంగ్లీషు మధ్యవర్తి ఎందుకు కావలసి వచ్చింది?

రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ‘ఒరియా’ను 96వ సవరణతో ‘ఒడియా’ చేశారు. చట్టాల సంగతి అలా ఉంటే, ఇప్పుడు మనం రాసే ‘ఒడిశా’లోని ‘శ’ కూడా రాతకే పరిమితం. ఒడియా లిపిలో శ, ష, స మూడూ ఉన్నా పలికేది ‘స’ ఒక్కటే. పూరీలో ఎవరిని అడిగినా తమది ‘ఒడిసా’ అనే చెబుతారు.